ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగా ఉంది: బోర్డు మార్చే ముందు ఏమేం చూడాలి?

మీరు చెప్పినది ఇదీ: 4వ తరం ఐ5, హెచ్81 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు. కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ మానిటర్ ‘నో సిగ్నల్’ అని చూపించి ఆరిపోతోంది. షాపులో బోర్డు పోయింది, కొత్త సెట్ తీసుకోండి అన్నారు.

ఇంతమాత్రానికే బోర్డు పోయిందని ఎవరూ తేల్చలేరు. ఫ్యాన్ తిరగడానికి 12 వోల్టులు అందితే చాలు, ప్రాసెసర్ పని మొదలుపెట్టిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఇలాంటి కేసుల్లో చివరికి బోర్డు తప్పని తేలేవి తక్కువే. ఎక్కువగా దొరికేది ర్యామ్ కాంటాక్టు, ఆ తర్వాత ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కి పవర్ ఇచ్చే డబ్బా), ఆపైన గ్రాఫిక్స్ కార్డు. కాబట్టి రూపాయి ఖర్చు పెట్టే ముందు మెషీన్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతోందో పట్టుకోండి.

అందుకు నమ్‌లాక్ ఒక్కటి చాలు. బటన్ నొక్కి ఒక నిమిషం ఆగి, వైరున్న కీబోర్డులో నమ్‌లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే మెషీన్ నడుస్తూనే ఉంది, బొమ్మ ఒక్కటే బయటికి రావడం లేదు. అప్పుడు కేబులు, మానిటర్, కార్డు వైపు వెతకాలి. లైటు కదలకపోతే, ఆన్ చేయగానే మెషీన్ తన భాగాలని తానే పరీక్షించుకునే మొదటి దశే, అంటే పోస్టే, దాటలేదు. ర్యామ్, పవర్, ప్రాసెసర్, బోర్డు, ఈ నాలుగింటిలోనే ఏదో ఒకటి. ఈ పరీక్షకి కీబోర్డును క్యాబినెట్ వెనకవైపున్న నల్ల యూఎస్‌బీ పోర్టులోనే పెట్టండి. మెషీన్ రెండు మూడు సెకన్లు తిరిగి ఆగి, మళ్లీ తనంతట తానే మొదలవుతూ ఉంటే అది కూడా పోస్ట్ దాటనట్టే.

మానిటర్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. దాని మెనూ బటన్ నొక్కితే మెనూ వస్తోందంటే ప్యానెల్ బాగానే ఉంది. ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉందా వీజీఏ మీద ఉందా చూడండి. అదే కేబుల్‌తో ఇంకో లాప్‌టాప్‌నో సెట్‌టాప్ బాక్సునో కలిపి చూస్తే కేబుల్ లెక్క కూడా తేలిపోతుంది. వీజీఏ అయితే లోపల పిన్ను వంగిందేమో చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి: కార్డు పెట్టి ఉన్నప్పుడు చాలా బోర్డులు తమ సొంత డిస్‌ప్లే పోర్టును ఆపేస్తాయి. కార్డు ఉండగా కేబుల్‌ను బోర్డు పోర్టులో పెడితే అంతా బాగున్నా నలుపే కనిపిస్తుంది.

ఇక పెట్టె విప్పే పని. కరెంటు వైరు ప్లగ్ పీకేసి, ఆన్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జి పోతుంది. ఒక్కోసారి ఈ పనితోనే డిస్‌ప్లే వచ్చేస్తుంది. క్యాబినెట్ రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని తర్వాతే లోపల చెయ్యి పెట్టండి.

మొదట ర్యామ్. మన దగ్గర దుమ్ము ఎక్కువ, కోస్తాలో తేమ, ఉప్పు గాలి కూడా తోడవుతాయి. కొన్నేళ్లకి ర్యామ్ కింది బంగారు రంగు పట్టీల మీద కంటికి సరిగా కనపడని పొర పేరుకుంటుంది. మెషీన్ రోజూ వేడెక్కి చల్లబడుతూ ఉంటే స్టిక్కు స్లాట్‌లో వెంట్రుకవాసి కదులుతుంది. వీటిలో ఏదైనా సరే, ఒక్క పిన్ను అందకపోతే చాలు, పోస్ట్ ఆగిపోతుంది. రెండు స్టిక్కులూ తీసి, పెన్సిల్ రాతకి వాడే మెత్తని తెల్ల రబ్బరుతో పట్టీల మీద పైనుంచి అంచు వైపుకి మెల్లగా రుద్దండి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వద్దు, బంగారు పూత చాలా పలచన, లేచిపోతుంది. రబ్బరు పొడి మొత్తం దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూదితో తుడవండి. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. స్లాట్‌ని పొడి పెయింట్ బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి.

తర్వాత ఒక్క స్టిక్కే పెట్టండి. రెండు చివర్లా సమంగా నొక్కితే లాచ్ ‘టక్’మని పడాలి. ఒకవైపే పడితే అది సరిగా కూర్చోనట్టే. ఆ స్టిక్కును రెండు స్లాట్లలో, రెండో స్టిక్కును రెండు స్లాట్లలో, మొత్తం నాలుగు రకాలుగా చూడండి. ఏ స్లాట్‌లో పెట్టినా ఒక స్టిక్కుతో రావడం లేదంటే ఆ స్టిక్కు పోయింది. ఒక స్లాట్‌లో రెండూ పనిచేసి, రెండో స్లాట్‌లో ఏదీ పనిచేయకపోతే స్లాట్ పోయిందని వెంటనే అనుకోకండి. ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగినా, కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి ఊడి ఒత్తిడి ఒకవైపే పడినా ఒక చానెల్, అంటే ప్రాసెసర్ నుంచి ఆ స్లాట్‌కి వెళ్లే దారి, పనిచేయదు. ముందు ఆ కాళ్లు నాలుగూ బిగువుగా ఉన్నాయో లేదో చూడండి.

కరెంటు పోయి వచ్చాకే మొదలైందన్నారు కాబట్టి బోర్డు మీద గుండ్రని సెల్‌ను తప్పకుండా చూడాలి. అది సీఆర్2032, 3 వోల్టులది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ బయాస్ (మెషీన్‌ని మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగులని ఎస్ఎంపీఎస్ స్టాండ్‌బై లైనే కాపాడుతుంది, సెల్ చచ్చిపోయినా బయటపడదు. సరఫరా పూర్తిగా పోయిన రోజు సెట్టింగులు చెదిరిపోతాయి, కొన్ని పాత బోర్డులు ఆ తర్వాత పోస్టే చేయవు. ఇంతకుముందు విండోస్‌లో తేదీ, టైము తప్పుగా చూపిస్తూ ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 2.7 వోల్టుల కంటే తక్కువుంటే మార్చేయండి, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. మార్చేటప్పుడే సీమాస్ క్లియర్ కూడా చేయండి, అంటే దాచి ఉన్న బయాస్ సెట్టింగులని చెరిపేయండి: ప్లగ్ పీకేసి, సెల్ తీసి, సీఎల్ఆర్ అనో జేబ్యాట్ అనో రాసి ఉన్న పిన్నుల్ని 10 సెకన్లు కలపాలి. మూడు పిన్నులుంటే జంపర్‌ని 1-2 నుంచి 2-3 కి మార్చి, మళ్లీ 1-2 కే తెచ్చిపెట్టాలి. 2-3 లో మరిచిపోతే చాలా బోర్డులు స్టార్టే కావు.

క్లియర్ చేశాక డిస్‌ప్లే వచ్చి విండోస్ మాత్రం నీలి తెర చూపిస్తే కంగారు పడొద్దు. సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోయి ఉంటుంది, లేదా బూట్ పద్ధతి లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి. బయాస్‌లోకి వెళ్లి పాతదే పెట్టండి. కొత్త మెషీన్లలో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడగొచ్చు, కీ చేతిలో లేకుండా సీమాస్ జోలికి పోకండి.

ఇప్పటికీ రాకపోతే కార్డు తీసేయండి. స్క్రూ విప్పి, స్లాట్ చివర ఉన్న చిన్న లాచ్‌ని నొక్కి పట్టుకుని పైకి లాగాలి. లాచ్ వదలకుండా లాగితే స్లాట్ విరుగుతుంది. మీ ఐ5లో గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి కేబుల్‌ని బోర్డు వీజీఏ లేదా హెచ్‌డీఎంఐకి పెట్టి చూడండి. బొమ్మ వస్తే దోషం కార్డుదో స్లాట్‌దో. కార్డు అంచుని కూడా ర్యామ్‌లాగే రుద్ది ఒకసారి పెట్టి చూశాకే పక్కన పడేయండి. జీటీ 730కి విడిగా పవర్ వైరు అక్కర్లేదు. పెద్ద కార్డులకి 6 లేదా 8 పిన్నుల వైరు మరిచిపోవడం మామూలే.

ఎస్ఎంపీఎస్ దగ్గర కాస్త ఓపిక కావాలి. బోర్డుకి రెండు వైర్లు వెళ్తాయి: 24 పిన్నులది ఒకటి, ప్రాసెసర్ పక్కన 4 పిన్నులది ఇంకొకటి. ఈ చిన్నది ఊడినా, లోపల మాడినా ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. దాన్ని పీకి లోపల ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారిందేమో చూసి గట్టిగా పెట్టండి.

తర్వాత మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, మెషీన్ ఆన్‌లో ఉండగానే నల్ల ప్రోబ్‌ను నల్ల వైరుకి, ఎర్ర ప్రోబ్‌ను కనెక్టర్ వెనక నుంచి ఒక్కో రంగుకి ఆనించండి. పసుపు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47. ఊదా రంగు స్టాండ్‌బై లైను, బటన్ నొక్కకపోయినా 5 వోల్టులు చూపించాలి. బూడిదరంగు ‘పవర్ గుడ్’. ఇది 5 వోల్టుల దగ్గరికి రాకపోతే బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగా ఉండడానికి ఇదొక అసలు కారణం, రీడింగ్ తీయకుండా ఎవరికీ కనపడదు.

ఆకుపచ్చ వైరుని నల్లదానితో పేపర్ క్లిప్‌తో కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ మంచిదే అనేస్తారు. ఆ పరీక్షకి అంత విలువ లేదు. లోడ్ లేనప్పుడు తిరిగినంత మాత్రాన లోడ్ పడ్డప్పుడు 12 వోల్టులు నిలబడతాయని కాదు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన ఉండొచ్చు. జాలీలోంచి టార్చ్ వేసి చూస్తే చాలు, చచ్చిన బల్లో చీమల పుట్టో కనపడితే జవాబు దొరికినట్టే. మార్చాల్సి వస్తే పెద్దది అక్కర్లేదు. మీ ప్రాసెసర్ సుమారు 84 వాట్లు, కార్డు 50 లోపే. నిజమైన 300 వాట్లు ఇచ్చేది ధారాళంగా సరిపోతుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే డబ్బా మీద 450 అని రాసి ఉన్నా దాని 12 వోల్టుల లైన్‌లో ఎన్ని ఆంపియర్లో స్టిక్కర్ మీద చూస్తే బండారం బయటపడుతుంది.

పవర్ కూడా సరిగ్గా ఉంటే బోర్డుని బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, రెండు పవర్ వైర్లు, మానిటర్ కేబుల్, అంతే. హార్డ్ డిస్క్, ముందు ప్యానెల్ వైర్లు ఏవీ వద్దు. పవర్ స్విచ్ పిన్నులు రెండింటిని స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. ఇప్పుడు డిస్‌ప్లే వచ్చిందంటే షార్ట్ క్యాబినెట్‌లోనే ఉంది. బోర్డుని ఎత్తి నిలిపే ఇత్తడి స్టడ్ ఒకటి ఎక్కువై కింద తగిలి ఉండొచ్చు, వెనక రేకు నాలుక పోర్టులోకి దూరి ఉండొచ్చు, ముందు యూఎస్‌బీ పోర్టులో పిన్నులు వంగి ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. పెన్ డ్రైవ్‌లు బలంగా తోసే ఇళ్లలో ఈ చివరిది తరచూ కనిపిస్తుంది.

ఈ దశలోనే బోర్డుకి చిన్న బజర్ స్పీకర్ తగిలించండి, చాలా చవక. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేస్తే అది మొత్తుకోవాలి. మొత్తుకుందంటే ప్రాసెసర్, బయాస్, పవర్ మూడూ బతికే ఉన్నాయి, బోర్డు పోయిందన్న మాట చాలావరకు వీగిపోయినట్టే. బీప్‌ల లెక్కని మాత్రం మీ బోర్డు మాన్యువల్‌లోనే చూడండి. ఒక పొడవు, రెండు పొట్టి అంటే అవార్డ్ కంపెనీ బయాస్‌లో డిస్‌ప్లే కార్డు లోపం, ఆసుస్ బోర్డుల్లో ర్యామ్ దొరకలేదని. ర్యామ్ లేకపోయినా చప్పుడే లేకపోతే మిగిలింది ప్రాసెసర్, సాకెట్, బయాస్ చిప్, బోర్డు పవర్ భాగం. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిప్‌లనే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది అప్పుడే. హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర్లోని సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల సముదాయం) విచారించండి. ‘ఏ లైన్‌లో వోల్టేజ్ రావడం లేదు’ అని అడగండి, రీడింగ్ చెప్పగలిగినవాళ్లకే బోర్డు ఇవ్వండి.

ఇదే ఇబ్బందితో వేరే రకం మెషీన్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తీసేసి బోర్డు పోర్టులో ఎంత చూసినా బొమ్మ రాదు. ఏఎండీ రైజెన్‌లో 5000 సిరీస్ దాకా చాలావరకు నంబరు చివర జీ ఉన్నవాటిలోనే గ్రాఫిక్స్ ఉంటుంది. డీడీఆర్5 బోర్డులు ర్యామ్ మార్చినా సీమాస్ క్లియర్ చేసినా మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటాయి, ర్యామ్‌కి ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌కి సరైన టైమింగులు వెతుక్కోవడం, జరుగుతుంది. మధ్యలో కట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కంపెనీ లోగో కనిపించి, విండోస్ వచ్చేటప్పుడు నలుపైతే హార్డ్‌వేర్ విప్పక్కర్లేదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. బాణం గుర్తు ఒక్కటే కనిపిస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్‌తో టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ని రన్ చేయండి.

బాగయ్యాక ఇంట్లో ఎర్త్ చూపించుకోండి. ఎర్త్ లేని సాకెట్‌లో ఎస్ఎంపీఎస్ ఫిల్టర్ వల్ల క్యాబినెట్ ఒంటి మీదికి సుమారు 115 వోల్టులు వస్తాయి, ఆంపియరేజ్ చాలా తక్కువ కాబట్టి చేతికి జిల్లుమంటుందంతే. కానీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పెట్టి తీస్తే అదే పోర్టుని కాల్చేస్తుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించి చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ముందు నమ్‌లాక్ లైటు కదిలిందా, ర్యామ్ నాలుగు రకాల్లో ఏది పనిచేసింది, పసుపు, బూడిదరంగు వైర్ల రీడింగ్ ఎంత, ఇవి రాయండి. అవి చూస్తే తర్వాత ఏ భాగం పట్టుకోవాలో చెప్పొచ్చు.