దసరాకు బొమ్మలు కొననన్న మేనకోడలికి అత్తమ్మ ఉత్తరం

హనుమకొండ

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా మేనకోడలిని అత్తమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈసారి దసరాకు నీ పిల్లలకు గాని, తమ్ముని పిల్లలకు గాని బొమ్మలేవీ కొననని, ఆ డబ్బుతో వాళ్ళను ఏదైనా ఒక పని తెలిసినవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి తమ చేతులతో తాము చేసుకునే రోజునే కానుకగా ఇస్తానని నీవు అన్నట్టు మీ బాపు ఫోనులో చెప్పినప్పుడు నాకు ఎంత గర్వం కలిగిందో అంత దిగులూ కలిగింది. జీవితమంతా బడిపిల్లల మధ్య గడిపినదాన్ని కనుక గర్వం ఎందుకో నీకు వేరే చెప్పనక్కరలేదు. దిగులు సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎక్కడికి తీసుకుపోవాలన్నది పెద్ద సమస్య కాదు. జనగామ మీదుగా పోతే చేర్యాల ఉంది. 2016లో జిల్లాలు విడదీసేదాకా అది మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలోకి పోయింది. అక్కడ కథల పటాలు రాసే నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూత మీద పూత వేసి, అది ఆరిన తరువాతే ఎర్రటి నేల మీద కథ దిద్దడం మొదలుపెడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి వంటి కథకులు తమ పటాలను వారి చేతనే రాయించుకునేవారు. నీ పెద్దవాడు అటువంటి పటంలో ఒక చిన్న గడి దిద్దగలడు. చిన్నదానికి మాత్రం రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసిన మాస్కుకు రంగులు వేయడమే సరిపోతుంది, అంతకు మించి దాన్ని కూర్చోబెడితే కళాకారునికీ దానికీ ఇద్దరికీ శిక్షే. వాళ్ళు ఇంట్లోనే పని చేసుకునేవాళ్ళు కనుక ముందుగా ఫోను చేసి పో, అడిగినంత ఇవ్వు, బేరమాడకు. ఊరు దాటలేకపోతే వరంగల్ కొత్తవాడలో దరీలు నేసే మగ్గాలున్నాయి. 2018లో ఆ దరీలకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. మగ్గం మీద నాలుగు వరుసలు పడడానికి ఎంతసేపు పడుతుందో చూసిన పిల్లవాడు ఇంట్లో దరీ మీద చెప్పులతో నడవడు.

రామప్పను కూడా అదే రోజు చూపించాలని నీకు తప్పక అనిపిస్తుంది, ఆ ఆలోచన మానుకో. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో గుర్తించిందని, ఇటుకలు నీళ్ళ మీద తేలుతాయని గుక్క తిప్పుకోకుండా చెప్పి గంటలో తిప్పి తేవడం కంటే, ఇంకొక రోజు పోయి ఒక్క స్తంభం ముందు కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టి నీవు పక్కన ఊరుకోవడం మేలు.

ఇక నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి చెప్పాలి. నీవన్న మాటే మన ఇంట్లో ఒకసారి మీ పెద్దబాపు అన్నాడు. అప్పుడు నీవు ఇంకా పుట్టలేదు. మీ పెద్దన్న దొరికిన సుద్దముక్కతో వాకిలంతా ఎడ్లు, బండ్లు, తాటిచెట్లు గీసేవాడు. మీ పెద్దమ్మ ముగ్గు వేయడానికి చోటు లేక రోజూ వాణ్ణి కేకలేసేది. అది చూసి పెద్దబాపు దసరాకు తుపాకీ బొమ్మ కొనడం మానేసి, రంగుల పెట్టె తెచ్చి, ఒక డ్రాయింగు సారు దగ్గర సెలవులకంతా ఫీజు కట్టాడు. ఆ రోజుల్లో అటువంటి ఆలోచన చేసిన తండ్రి మా వాడలో మరొకడు లేడు, అందుకే ఇప్పటికీ ఆయన్ను తప్పు పట్టడానికి నా మనసు ఒప్పదు. అయితే ఆ తరువాత జరిగింది వేరు. పిల్లవాడు ఇంటికి రాగానే పెద్దబాపు ఈరోజు ఏం నేర్చుకున్నావని అడిగేవాడు. వచ్చిన చుట్టానికల్లా వాని చేత నెమలిని గీయించి చూపేవాడు. తండ్రికి ఇంత తొందర ఉందని గ్రహించిన ఆ సారు పిల్లవాడు వంకరగా గీసిన గీతలు తుడిపి, తానే దిద్ది, కింద వాని పేరు రాసి పంపడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చే బొమ్మలు నానాటికీ బాగుపడుతుంటే పెద్దబాపు పొంగిపోయాడు. అవి తనవి కావని తెలిసింది మీ అన్నకు ఒక్కనికే. ఒకనాడు వాడు నా పక్కన చేరి, "అత్తా, ఈ నెమలి కాళ్ళు నేను గీయలేదు" అన్నాడు. సెలవుల చివర జరిగిన పోటీలో సారు చెయ్యి లేదు, ప్రైజూ రాలేదు. అంత డబ్బు పోసి నేర్పిస్తే ఇదేనా అని పెద్దబాపు నలుగురిలో అన్న మాటతో ఆ రంగుల పెట్టె అటక ఎక్కింది. సంక్రాంతికి వాకిలి ఖాళీగా ఉంటే మీ పెద్దమ్మ సంతోషంగా పెద్ద ముగ్గే వేసింది.

ఇది ఇంత పొడుగున ఎందుకు రాశానంటే, మీ హైదరాబాదు వర్క్‌షాపులలో కూడా ఆ సారు వంటివాళ్ళు ఉంటారు. ముందే కోసి పెట్టిన ముక్కలు అతికించి, పదిమంది పిల్లలు ఒకే రకం గుడ్లగూబను ఇంటికి తెస్తే, అది పిల్లలు చేసింది కాదు. వంకర మూతి కుండ, కళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్న మాస్కు తెచ్చిననాడు సంతోషించు, కాని ఎందుకట్లా అయిందని అడగకు. వాళ్ళు చెప్పదలిస్తే భోజనాల దగ్గర వాళ్ళే చెబుతారు. ఫోను సంచిలో పెట్టు. నీవూ వాళ్ళ పక్కన కూర్చుని నీ చేతులు కూడా మురికి చేసుకో, నీవు చేసింది వాళ్ళ దానికంటే అధ్వాన్నంగా వస్తే మరీ మంచిది.

బొమ్మకు ఒక గుణముంది బిడ్డా, అది పండుగనాడే చేతిలో పడుతుంది. నీవిచ్చే కానుక అట్లా కాదు, మాట మాత్రమే. పక్కింటి పిల్లవాడు బ్యాటరీ కారు తిప్పుతుంటే నీ చిన్నది ఏడవకుండా ఎట్లా ఉంటుంది? కనుక ఒక పని చెయ్యి. దసరానాడు పిల్లలు జమ్మి ఆకు తెచ్చి మన చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కినప్పుడు మనం ఇచ్చే నోటుకు బదులు, ఎక్కడికి, ఏ తేదీన, ఎవరెవరు అని రాసి నీవే బొమ్మ గీసిన చీటీ ఇవ్వు. తేదీ లేని చీటీ ఇవ్వకు. ఆ రోజు ఆఫీసు పని వచ్చిందని అనడానికి వీలు లేదు, అంటే మాత్రం నేను నీతో మాట్లాడను.

అసలు మొదటి కానుక నా దగ్గరే ఉంది. పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందే పిల్లలను తీసుకుని రా. గునుగు పువ్వును కాడ ఒకే పొడవున కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కొసలు మాత్రమే రంగులో ముంచి, బాగా ఆరబెట్టాలి, లేకపోతే రంగు చేతులకంటుతుంది. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు వరుసతో మొదలుపెట్టి, నడుమ గుంతను ఆకులతో నింపుకుంటూ పోవడం వాళ్ళకు నేర్పిస్తాను. వాళ్ళ బతుకమ్మ ఒక పక్కకు ఒరిగినా అదే పట్టుకుని వేయి స్తంభాల గుడికి పోదాం, నేను సరిచేయను.

ఒక్క షరతు. పువ్వు తెంపడానికి చేలగట్ల మీదికి పిల్లలు ఒంటరిగా పోవద్దు, బతుకమ్మను నీళ్ళలో వదిలేటప్పుడు ఒక్కొక్క పిల్లవాని చెయ్యి ఒక్కొక్క పెద్ద మనిషి పట్టుకోవాలి. వానలు పడి చెరువులు నిండి ఉండే కాలమిది, పాచిమెట్టు మీద కాలు ఎప్పుడు జారుతుందో తెలియదు. అత్తమ్మ చాదస్తమని నీవూ తమ్ముడూ నవ్వుకుంటారు. నవ్వుకోండి, చెయ్యి మాత్రం విడవకండి.

వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి రెండు జతలు పాత బట్టలు పెట్టు, గునుగు రంగు ఉతికితే పోదు. మీ పెద్దన్నను కూడా రమ్మన్నాను, వస్తానన్నాడు. వాని ముందు నెమలి మాట ఎత్తకు.

ఇట్లు,
మీ అత్తమ్మ