గురు అర్జన్ దేవ్ బలిదాన దినాన తీపి నీళ్లు ఎందుకు పంచుతారు?

సిక్కుల ఐదవ గురువు అర్జన్ దేవ్ ప్రాణాలర్పించిన సంతాప దినాన తీపి ఏమిటని అడిగారు. లూధియానాలో మూడేళ్లు ఉద్యోగం చేశాను. ఆ నీళ్లు ఒక్కసారి తాగినవారికి ఈ సందేహం మిగలదని గట్టిగా చెప్పగలను.

అక్కడ నా మొదటి వేసవి. జలంధర్ నుంచి బస్సులో వస్తున్నాను. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఒక ఊరి మొదట్లో ఇద్దరు పిల్లలు రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సు ఆపేశారు. ఏ గొడవో అనుకున్నాను. ఇంతలో కిటికీలోంచి స్టీలు గ్లాసు లోపలికి వచ్చింది. పాలు, చక్కెర, గులాబీ షర్బతు, ఐసు కలిపిన చల్లని నీళ్లు. వాటిని ఛబీల్ అంటారు. గ్లాసు అందించినది ఒక ముసలాయన. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. నేను జేబు తడుముకుంటుంటే ఆయన ముఖం చిన్నబోయింది. "పుత్తర్, తాగు" అన్నాడు. చివరి సీటువాళ్లు తాగేదాకా డ్రైవరు బస్సు కదపలేదు.

పక్కనున్న పెద్దాయన చెబుతున్నాడు: 1606లో, జహంగీర్ కాలంలో, లాహోరులో ఐదవ గురువును కాలుతున్న ఇనుప పెనం మీద కూర్చోబెట్టి ఒంటి మీద వేడి ఇసుక పోశారట. అది ఇలాంటి జ్యేష్ఠ మాసపు ఎండలోనే. గ్లాసు చల్లదనం వేళ్లకు తగులుతుండగా ఆ మాట విన్నాను. నాకు నోట మాట రాలేదు.

1604లో అమృత్‌సర్ హరిమందిరంలో, అంటే స్వర్ణ దేవాలయంలో, సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆది గ్రంథాన్ని ప్రతిష్ఠించిన గురువు ఆయనే. 'తేరా కీయా మీఠా లాగై' అన్నదీ ఆయనే. నీవు చేసినదేదైనా నాకు తియ్యగానే ఉంది అని. ఆ నీళ్లలో చక్కెర ఈ మాటేనని నా నమ్మకం. అంతటి వేడిని ఓర్చుకున్నవాడి పేరు మీద దారినపోయేవాడి దాహం తీర్చడం కంటే గొప్ప నివాళి నాకు తెలియదు.

ఆ రోజున మనవాళ్లు ఫోన్లలో శుభాకాంక్షలు పంపుకుంటుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. ఒక గురువు చిత్రహింసలు అనుభవించి కన్నుమూసిన రోజు అది! మన చలివేంద్రాల సంగతి తలచుకున్నా బాధే. చలివేంద్రం పెట్టడం మన పెద్దలూ పుణ్యమనే అనుకున్నారు. ఇప్పుడు మా వీధి చివర కుండ కంటే నాయకుడి ఫొటో పెద్దది. ప్రారంభించిన నాలుగో రోజుకే కుండ ఎండిపోయింది, అడిగే దిక్కులేదు.

ఆ ముసలాయన మాత్రం నేను తాగిన గ్లాసు తీసుకుని, తొట్టిలో ముంచి కడిగి, మళ్లీ నింపి, మా వెనకే ఆగిన లారీ వైపు పరుగులాంటి నడకతో వెళ్లాడు.