40 ఉత్తరాలకు స్పందన లేదంటే లోపం నవలలోనే ఉన్నట్టా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. రెండేళ్లు శ్రమించి ఇంగ్లిష్‌లో ఒక నవల పూర్తి చేసి, 40 మంది లిటరరీ ఏజెంట్లకు (రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడి పుస్తకాన్ని అమ్మిపెట్టేవారు) ఒకేసారి క్వెరీ లెటర్ (నవలను పరిచయం చేస్తూ, చదవమని కోరే ఉత్తరం) పంపింది. ఒక్కరు కూడా నవల పంపమని అడగలేదు. నవలను మళ్లీ రాయమనాలా, లేక ఈ ప్రయత్నం మానుకొమ్మనాలా? ఆమె ఉత్తరం జతచేస్తున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి నవలను పూర్తిగా చదివినవారు ఇంతవరకు ఎవరూ లేరు కాబట్టి, అది తిరస్కరణకు గురైందని ఇప్పుడే అనుకోవద్దు. ఉత్తరంతోపాటు మొదటి 5 లేదా 10 పేజీలు కోరే ఏజెంట్లు ఉంటారు గనుక ఆ పేజీలను కూడా మరోసారి సరిచూసుకోవాలి. అయితే మీరు పంపిన ఉత్తరం చదివాక, ముందు మార్చవలసినది అదేనని నాకు స్పష్టంగా అనిపించింది.

అందులో నవల గురించి మూడు పేరాలు ఉన్నాయి గానీ, కథ ఎవరిదో ఎక్కడా లేదు. ‘జ్ఞాపకాల బరువును, కుటుంబ బంధాల సంక్లిష్టతను ఆవిష్కరించే నవల’ అన్న వాక్యం వేల పుస్తకాలకు సరిపోతుంది. ఏజెంటుకు కావలసినది పుస్తకం గురించి రచయిత్రి అభిప్రాయం కాదు. ప్రధాన పాత్ర ఎవరు, ఆమెకు ఏం కావాలి, దానికి ఏది అడ్డు వస్తోంది, ముందుకు వెళితే ఏం పోగొట్టుకోవలసి వస్తుంది అన్న వివరాలు. ఉదాహరణకు, ‘తండ్రి మరణ ధ్రువపత్రంలో తేదీ తప్పుగా ఉందని గమనించిన ఒక యువ నర్సు, దానిని సరిచేయిస్తే తన తల్లి జైలు పాలవుతుందని తెలుసుకుంటుంది’ అని రాస్తే, తరువాత ఏమైందన్న ఆసక్తి చదివేవారిలో దానంతట అదే పుడుతుంది. ఇలా సుమారు 150 నుంచి 200 పదాలలో కథను మొదటి పెద్ద మలుపు వరకు చెప్పి ఆపాలి. ముగింపు చెప్పనవసరం లేదు, దానికి సినాప్సిస్ (ముగింపుతో సహా మొత్తం కథా సారాంశం) వేరుగా ఉంటుంది. పాత్రల పేర్లు రెండు మూడింటికి మించితే చదివేవారు తికమకపడతారు. మీ అమ్మాయి ఉత్తరంలో తొమ్మిది పేర్లున్నాయి.

మిగిలిన భాగం తేలికైనదే. నవల ఏ కోవకు చెందినది, ఎన్ని పదాలు అన్నది ఒక్క వాక్యంలో చెప్పాలి. పెద్దల కోసం రాసే తొలి నవల 80,000 నుంచి 1,00,000 పదాల మధ్య ఉండటం సాధారణం కనుక, ఆమె పేర్కొన్న 1,90,000 పదాల సంఖ్యను చూసే చాలామంది ఆగిపోయి ఉండవచ్చు. నవలను తిరగరాయవలసిన అవసరం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. పోలికకు ఇటీవలి మూడు నుంచి ఐదేళ్లలో వచ్చిన రెండు పుస్తకాలను చూపితే, ఈ నవలను ఎవరు కొని చదువుతారో ఏజెంటుకు అర్థమవుతుంది. శతాబ్దం కిందటి మహా గ్రంథాలతో పోల్చుకోవడం వల్ల ఆ ప్రయోజనం నెరవేరదు. ఇంతవరకు ఏమీ అచ్చు కాలేదని క్షమాపణ చెప్పుకోవలసిన పని లేదు, పరిచయం రెండు వాక్యాలు చాలు. అంతా కలిపి ఒక పేజీ దాటకూడదు. ఉత్తరం ఆమే రాయాలి, ఆమె పేరుతోనే వెళ్లాలి. బిడ్డ తరఫున తల్లిదండ్రులు రాసే ఉత్తరం, ఎంత ప్రేమతో రాసినా, వృత్తి సంబంధాన్ని మొదట్లోనే బలహీనపరుస్తుంది.

ఒకేసారి 40 మందికి పంపడం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, లోపం తెలిసేలోపే అవకాశాలు ఖర్చయిపోయాయి. ఇకమీదట ఆరేడుగురికి చొప్పున పంపి, కొన్ని వారాలు వేచి చూసి, ఎవరూ పేజీలు అడగకపోతే ఉత్తరాన్ని మార్చాలి. ఏజెంట్లు ఏ తరహా పుస్తకాలు తీసుకుంటారో, ఏమేమి పంపమంటారో తమ వెబ్‌సైట్లలో రాసి ఉంచుతారు; అమెరికాలో ఉత్తరానికి ప్రాధాన్యం ఎక్కువ, బ్రిటన్‌లో సాధారణంగా చిన్న కవరింగ్ లెటర్‌తోపాటు సినాప్సిస్, మొదటి మూడు అధ్యాయాలు అడుగుతారు.

చదివినందుకు రుసుము అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పుస్తకం అమ్ముడైన తరువాత రచయితకు వచ్చే డబ్బులో సాధారణంగా 15 శాతం, అనువాద, విదేశీ హక్కులపై తరచుగా 20 శాతం ఏజెంటు తీసుకుంటారు. వారి ఆదాయం అదే. ఎంత బాగా జరిగినా ఈ మార్గంలో డబ్బు కనిపించడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి చదువు, ఉద్యోగ ప్రయత్నాలు యథావిధిగా సాగనివ్వండి, రచన వాటి పక్కనే సాగుతుంది. ఎవరైనా పూర్తి ప్రతి అడిగితే వెంటనే పంపాలి, ఎవరైనా ప్రాతినిధ్యం వహిస్తామంటే మాత్రం అప్పటికప్పుడే ఒప్పుకోకుండా, ఒకటి రెండు వారాల గడువు కోరి, ఆ సంగతి తన నవలను పరిశీలిస్తున్న మిగిలిన ఏజెంట్లకు తెలియజేయాలి.