స్క్రీన్ డిమ్ చేసే యాప్‌తో బ్యాటరీ మిగులుతుందా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో దిగేలోపే ఛార్జింగ్ సగానికి పడిపోతోంది, స్క్రీన్ డిమ్ చేసే యాప్ వేసుకోనా అని అడిగారు కదా బ్రదర్, ముందు మీ ఫోన్‌ది ఎల్‌సీడీయా ఓఎల్‌ఈడీయా చూడండి. ఇలాంటి యాప్‌లలో చాలావరకు చేసేది స్క్రీన్ మీద పల్చటి నల్ల పొర వేయడమే. ఎల్‌సీడీలో వెనక బ్యాక్‌లైట్ ఎప్పటిలాగే వెలుగుతుంటుంది, ట్యూబ్‌లైట్ మీద గుడ్డ కప్పితే కరెంటు బిల్లు తగ్గుతుందా చెప్పండి.

ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ సొంతంగా వెలుగుతుంది కాబట్టి ఎంత నల్లబడితే అంత ఆదా, నిజమే. కానీ ఆ పని ఫోన్‌లోని బ్రైట్‌నెస్ స్లైడరే చేస్తుంటే యాడ్స్ చూపించే ఇంకో యాప్ ఎందుకు? బ్యాక్‌గ్రౌండ్‌ని నల్లగా మార్చే డార్క్ మోడ్ సంగతి కూడా అంతే, ఆదా బ్రైట్‌నెస్‌ని బట్టే. 2021లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఓఎల్‌ఈడీ ఫోన్లలో కొలిస్తే ఫుల్ బ్రైట్‌నెస్‌లో సగటున 39 నుంచి 47 శాతం ఆదా వచ్చింది, 30–50 శాతం బ్రైట్‌నెస్‌లో మాత్రం 3 నుంచి 9 శాతమే.

రాత్రిపూట కళ్ల కోసమైతే ఆండ్రాయిడ్ 12 నుంచి స్క్రీన్‌ని ఇంకా డిమ్ చేసే ఎక్స్‌ట్రా డిమ్ అనే సెట్టింగ్ ఫోన్‌లోనే ఉంది, అది చాలు. మీ కేసులో నాకైతే అనుమానం స్క్రీన్ మీద కాదు, రైల్లో వెళ్తూ సిగ్నల్ సరిగా అందని చోట వీడియోలు చూస్తే బ్యాటరీ గబగబా తగ్గుతుంది, సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తీసి ఏ యాప్ ఎంత తింటోందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.