పిలిస్తే వచ్చాను, పిలిస్తే వచ్చేవాణ్ణి

సందేహం: కావలి దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. తొమ్మిదో తరగతికి కండిషనల్ వాక్యాలు చెప్పాక 'ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్' అన్నదాన్ని తెలుగులో రాయమన్నాను. చాలామంది 'ఒకవేళ నువ్వు నాకు చెప్పి ఉంటే, నేను వచ్చి ఉంటాను' అని రాశారు. కొందరు, ఆడపిల్లలు కూడా, 'వచ్చి ఉండేవాడిని' అని రాశారు. ఒకమ్మాయి మాత్రం లేచి 'చెప్పుంటే వచ్చేదాన్ని గదా' అంది. వీటిలో ఏది సరైనది? తెలుగులో కాలాలు మూడే కాబట్టి ఇంగ్లీషు టెన్సులు మన భాషలో చెప్పడం కుదరదని మా తోటి టీచరు అంటారు, నిజమేనా? మా ఇళ్లల్లో 'వస్తా ఉండాడు', 'వచ్చుండాడు' అంటాం. క్లాసులో అలా అంటే తప్పా?

సమాధానం: ఆ అమ్మాయి చెప్పిందే అసలైన తెలుగమ్మా. రాతలో 'చెప్పి ఉంటే' అని విడదీసినా ఫరవాలేదు. 'వచ్చి ఉంటాను' ఇక్కడ తప్పు. 'వచ్చి ఉండేవాడిని' తప్పు కాదు గానీ, ఈ వాక్యానికి అంత బరువు అక్కర్లేదు. ఆడపిల్లలు కూడా 'ఉండేవాడిని' అని రాశారంటే అది వాళ్ల నోట్లోంచి వచ్చిన మాట కాదు, ఏ గైడులోంచో వచ్చింది.

ఈ మూడు వాక్యాలు బోర్డు మీద రాయండి.

పిలిస్తే వస్తాను.
పిలిస్తే వచ్చాను.
పిలిస్తే వచ్చేవాణ్ణి.

మొదటిదాంట్లో ఇంకా ఎవరూ పిలవలేదు. రెండోదాంట్లో పిలిచారు, వచ్చాను. అది షరతే కాదు, కారణం. 'ఎందుకొచ్చావు?' అని అడిగితే చెప్పే జవాబు. మూడోదాంట్లో పిలవనూ లేదు, రానూ లేదు. మూడింట్లోనూ 'పిలిస్తే' అన్న మాట మారలేదు. పిలిచారో లేదో చెప్పింది చివరి క్రియ. తెలుగులో షరతు నిజమో ఊహో వాక్యం చివరిదాకా వింటే గాని తేలదు. ఇంగ్లీషులో 'ఇఫ్' తర్వాతి క్రియ దగ్గరే 'టెల్', 'టోల్డ్', 'హ్యాడ్ టోల్డ్' అని రూపం మారిపోతుంది, వినేవాళ్లకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది. మన పిల్లలు 'ఇఫ్ హి విల్ కమ్' అని రాయడానికి కారణం కూడా ఇదేనని నాకు తోస్తుంది. 'వస్తే' అన్న మాటకు సొంతంగా కాలం లేదు. వినడానికి 'వస్తాడు'కి దగ్గరగా ఉంటుంది కాబట్టి పక్కన 'విల్' పెట్టేస్తారు. తప్పని కొట్టేసే ముందు ఈ తేడా ఒక్కసారి చూపిస్తే పిల్లలు పట్టుకుంటారు.

ఇప్పుడు 'వచ్చేవాణ్ణి' సంగతి. దీనికి రెండు పనులు. 'చిన్నప్పుడు మా తాత పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి' అంటే అది అలవాటు, నిజంగా జరిగింది. 'నిన్న నువ్వు పిలిస్తే వచ్చేవాణ్ణి' అంటే జరగనిది. విచిత్రమేమంటే ఇంగ్లీషు 'వుడ్' కూడా సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. పాత అలవాటును చెప్పడానికీ అదే, జరగని దాన్ని చెప్పడానికీ అదే. బంధుత్వం లేని రెండు భాషలు ఒకే ఉపాయం పట్టుకున్నాయి. అందుకే 'వుడ్'ని పిల్లలకు చెప్పడానికి 'వచ్చేవాడు, వచ్చేది, వచ్చేవాళ్లు' కంటే మంచి దారి నాకు కనిపించదు.

రెండర్థాలుంటే తికమక కదా అంటారేమో. ఆ తికమక తీర్చడానికే 'ఉంటే'. 'పిలిచుంటే వచ్చేవాణ్ణి' అన్నామంటే ఇక అలవాటన్న అర్థానికి చోటు లేదు, పిలవలేదని తేలిపోయింది. కందుకూరు వేలంలో పొగాకు రైతు 'కిలోకు ఇంకో పది రూపాయలు పలికుంటే అప్పు తీరేది' అంటాడు. రొయ్యల గుంట కాడ 'రాత్రి కరెంటు పోకుండా ఉంటే ఏరియేటర్లు ఆగేవి కావు' అంటారు. వీళ్లెవరూ 'తీరి ఉండేది', 'ఆగి ఉండేవి కావు' అనరు. మొదటి సగంలో 'ఉంటే' వచ్చింది కాబట్టి రెండో సగంలో మళ్లీ అక్కర్లేదు. పని ముగిసిపోయి ఉండేదని గట్టిగా చెప్పాల్సినప్పుడు మాత్రం అది కావాలి. 'ఆ బస్సు దొరికుంటే ఈపాటికి ఒంగోలు చేరి ఉండేవాళ్లం.' ఇక్కడ 'చేరేవాళ్లం' అంటే కొంచెం వెలితి.

'వచ్చి ఉంటాడు' వేరే సంగతి. అది అంచనా. 'ఈపాటికి ఇంటికి వచ్చి ఉంటాడు' అంటే వచ్చాడనే నమ్మకం. రాలేదని చెప్పాల్సిన చోట వచ్చాడనే మాట పెడితే అర్థం తలకిందులవుతుంది.

'ఒకవేళ' గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. 'ఇఫ్' కనిపించిన ప్రతిచోటా 'ఒకవేళ' పెట్టడం ఈమధ్య పత్రికల్లోనూ చూస్తున్నాను. 'ఇఫ్' అర్థమంతా '-తే'లోనే ఉంది. 'నోరు మంచిదైతే ఊరు మంచిది.' 'కలిసొచ్చే కాలమొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడు.' 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు.' ఒక్క సామెతలోనైనా 'ఒకవేళ' ఉందా? జరుగుతుందో లేదో, జరగడం అరుదు అనుకున్నప్పుడు వాడే మాట అది. 'ఒకవేళ నేను రాకపోతే మీరు తినేయండి.' అక్కడ దానికి పని ఉంది, ఉండనివ్వండి. ఆ మూడో సామెతలో 'కూర్చున్నా' చూశారా? ఇంగ్లీషువాళ్లు 'ఈవెన్ ఇఫ్' అని రెండు మాటలు పెట్టే చోట మనకు ఒక్క దీర్ఘం సరిపోయింది.

ఈ '-తే' రూపానికి వ్యాకరణంలో పేరు చేదర్థకం. సంస్కృతంలో 'చేత్' అంటే 'అయితే' అని. గ్రాంథికంలో 'నీవు చెప్పియుండిన వచ్చియుందును' అని రాసేవారు. 'అయితే', 'అంటే', 'లేకపోతే' అని రోజుకు వందసార్లు అనే మాటలు కూడా చేదర్థకాలే.

కాలాలు మూడే అన్న మాటకు వస్తే, 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పినవి నాలుగు. భూత, వర్తమాన, భవిష్యత్తులకు తోడు తద్ధర్మం, అంటే ఫలానా కాలమని లేకుండా స్వభావాన్ని చెప్పేది. ఇంగ్లీషులో పన్నెండు టెన్సులు అంటారు గానీ, క్రియ తన రూపం మార్చుకుని చూపే కాలాలు రెండే, 'కమ్', 'కేమ్'. భవిష్యత్తుకు 'విల్' అరువు. ఆ పన్నెండూ కాలానికి పని తీరును కలిపితే వచ్చిన లెక్క. పని జరుగుతూ ఉందా, అయిపోయిందా అన్నది చెప్పడానికి తెలుగుకు 'ఉండు' అనే క్రియ చాలు.

మీ ఇంటి మాటలు ఇక్కడే పనికొస్తాయి. 'వస్తున్నాడు' అన్నది 'వస్తూ ఉన్నాడు' కలిసిపోయిన రూపం. నెల్లూరు వైపు 'వస్తా ఉండాడు'లో ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. పిల్లలు అందులో 'ఈజ్ కమింగ్'ని ముక్కకు ముక్క పోల్చుకోగలరు. పరీక్షలో తెలుగు రాసేటప్పుడు 'వస్తున్నాడు' అని రాయమనండి, బోధించేటప్పుడు మాత్రం ఇంటి మాటే వాడండి.

'వచ్చుండాడు' ఇంకా విలువైనది. 'మామ వచ్చాడు' అంటే వచ్చిన మాట వరకే, వచ్చి వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. 'మామ వచ్చుండాడు' అంటే వచ్చాడు, ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో 'హాజ్' చేసే పని ఇదే, జరిగిపోయిన పనిని ఇప్పటి స్థితితో ముడిపెట్టడం. పుస్తకాల తెలుగులో రెంటికీ 'వచ్చాడు' అనే రాస్తాం కాబట్టి మిగతా జిల్లాల టీచర్లు ఈ తేడా చెప్పడానికి చాలా తంటాలు పడతారు. మీ పిల్లలకు అది ఇంట్లోనే వచ్చు. పాస్ట్ పర్ఫెక్ట్‌కు వచ్చినప్పుడు 'నేను పోయేసరికి వాళ్లు తినేసుండారు' అన్న వాక్యం చెప్పించండి. 'పోయేసరికి' అన్న మాట కాలాన్ని వెనక్కి జరిపింది, 'తినేసుండారు' అలాగే ఉంది. ఇంగ్లీషులో జరగాల్సిన మార్పు 'హావ్' దగ్గర, అది 'హ్యాడ్' అవుతుంది.