మిశ్రమ స్పందన అని రాసి చేతులు దులుపుకుంటే ఎలా తమ్ముడూ

తమ్ముడూ,

నీ రివ్యూ చదివా. వాక్యం బాగా నడుస్తుంది నీకు, ఆ మాట చెప్పేసి ముందుకెళ్తా, ఎందుకంటే నాకు ఒళ్ళు మండింది మూడో పేరా దగ్గర. "ఈ లో బడ్జెట్ గే సినిమాకు ప్రేక్షకుల నుంచి మిశ్రమ స్పందన లభించింది, కొందరు సాహసోపేతమైన ప్రయత్నమని మెచ్చుకోగా మరికొందరు పెదవి విరిచారు" అని రాశావు. ఎవరు విరిచారు, ఏ సీన్ దగ్గర విరిచారు? అది చెప్పకుండా తర్వాతి లైన్లోనే నచ్చనోళ్ళందరికీ గే అంటేనే పడదని తీర్పు కూడా ఇచ్చేశావు. వాళ్ళలో ఒక్కళ్ళతోనైనా మాట్లాడినట్టు రివ్యూ మొత్తంలో ఎక్కడా లేదు.

పడనోళ్ళు ఉంటారు, కాదనట్లేదు. పోస్టర్ మీద ఇద్దరు మగాళ్ళు కనపడగానే ఒక స్టార్ కొట్టేసి పోయే బాపతు. 1991లో టాడ్ హేన్స్ తీసిన ‘పాయిజన్’కి అమెరికాలో చిన్న సినిమాల పండగైన సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్ వచ్చింది, దానికి అమెరికా ప్రభుత్వ కళల నిధి నుంచి 25,000 డాలర్లు వెళ్ళాయని పెద్ద రచ్చయింది, సినిమా చూడకుండానే తిట్టినోళ్ళు ఉన్నారు అందులో. వాళ్ళ గురించి రివ్యూలో చెప్పడానికేం ఉండదు, వదిలెయ్. కానీ టికెట్ కొనుక్కుని చివరిదాకా కూర్చుని, బయటికొచ్చి నచ్చలేదు అన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో గే ప్రేక్షకులూ ఉంటారు, ఒక్కోసారి అందరికన్నా గట్టిగా తిట్టేది వాళ్ళే. మళ్ళీ ఏడుపు క్లైమాక్సేనా, మళ్ళీ ఇంట్లో చెప్పుకోలేని కుర్రాడి కథేనా, ఇద్దరికీ సిక్స్ ప్యాకే ఎందుకు, ఆ వేషాలకి గే నటులే దొరకలేదా అని. వచ్చేవే తక్కువ కాబట్టి వచ్చిన ప్రతిదాని మీదా అందరూ తమ జీవితం కనపడాలని కూర్చుంటారు, అంత బరువు ఏ చిన్న సినిమా మోస్తుంది? అప్పట్లో వరసగా వచ్చిన ఇలాంటి గే సినిమాలకి బి. రూబీ రిచ్ అనే అమెరికన్ విమర్శకురాలు 1992లో న్యూ క్వీర్ సినిమా అని పేరు పెట్టింది కదా, ఆ బ్యాచ్‌లో ‘స్వూన్’ అని ఒకటి ఉంది, ప్రేమికులైన ఇద్దరు హంతకుల కథ. లోకం మనల్ని ఎలాగూ చెడ్డోళ్ళంటోంది, మళ్ళీ మనమే ఇలా చూపించుకోవాలా అనేవాళ్ళు ఒకవైపు, ఎప్పుడూ బుద్ధిమంతుల్లాగే కనపడాలా ఏంటి అనేవాళ్ళు ఇంకోవైపు. రెండువైపులా గే జనమే. నీ మూడో పేరాలో ఈ గొడవకి చోటెక్కడుంది?

సరే, ఇక నా గోల. నన్నెరిగినోళ్ళు మళ్ళీ మొదలెట్టాడ్రా అంటారు, అననీ. చిన్న సినిమాలో జనం యాక్టింగ్ బాలేదు అన్నారంటే చాలాసార్లు బాలేనిది సౌండు. బొమ్మ మసగ్గా ఉంటే క్షమిస్తారు, చెయ్యి వణికితే స్టైల్ అనుకుంటారు, మాట మాత్రం బాత్రూంలోంచి వచ్చినట్టుంటే ఆ నటుడు ఎంత బాగా చేసినా నమ్మరు. ఎందుకు నమ్మట్లేదో వాళ్ళకే తెలీదు, అందుకే యాక్టింగ్ మీదికి తోసేస్తారు. గే సినిమాలకి ఈ కష్టం ఇంకాస్త ఎక్కువని నా పట్టుదల. కథకి ప్రాణమంతా ఒక ఇరుకు గదిలో మంచం మీద ఉంటుంది. ఒంటి మీద చొక్కా ఉండదు కాబట్టి కాలర్ మైక్ దాచడానికి చోటుండదు, ఫ్రేములో మంచం మొత్తం కనపడాలంటాడు కెమెరామన్, దాంతో బూమ్, అంటే పొడుగు కర్రకి కట్టిన మైకు, పైకీ పక్కకీ జరిగిపోతుంది, చెప్పే డైలాగేమో గుసగుస. గోడలు ఆ గుసగుసని తినేస్తాయి. కొన్ని నెలల తర్వాత ఆ కుర్రాళ్ళని విడివిడిగా స్టూడియోకి పిలిచి డబ్బింగ్ చెప్పిస్తారు, ఎదుటి మనిషి లేకుండా, స్టాండు ముందు నిలబడి. తెర మీద ముక్కూ ముక్కూ తగులుతుంటాయి, గొంతులేమో రెండు వేరే గదుల్లో ఉంటాయి. జనం బయటికొచ్చి కెమిస్ట్రీ లేదంటారు. ఇంకొంచెం తెలివైనోడైతే అసలు వీళ్ళు గే కాదని తెలిసిపోతోంది అంటాడు!

నువ్వు పంపిన లింక్‌లో ఆ సినిమా రెండుసార్లు చూశా. మొదట లాప్‌టాప్ స్పీకర్లో. రెండో సగంలో ఆ పొట్టి కుర్రాడు దిండు సర్దుకుంటూ ఏదో అన్నాడు, అవతలివాడు లైట్ దాకా పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, నాకేం అర్థం కాలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే "ఆర్పకు, నిన్ను చూడాలి" అన్నాడు. సినిమా అంతా ఆ ముక్కలోనే ఉంది కదయ్యా. నువ్వు ఫెస్టివల్‌లో చూశావు, పెద్ద స్పీకర్లు, కింద సబ్‌టైటిల్స్, నీకు అందింది. ఇంట్లో ఫోన్లో చూసినోడికి అందలేదు, వాడికి అదొక ల్యాగ్ సీన్. వీడికి నచ్చకపోవడానికి గే అంటే పడకపోవడం ఒక్కటే కారణమా? ఇలాంటి చోటు పట్టుకుని రాస్తే జనం ఎక్కడ విడిపోయారో చదివేవాడికి కనపడుతుంది.

డబ్బుల్లేవు కాబట్టి సౌండ్ అలాగే ఉంటుందని నాకు చెప్పకు. ‘టాంజెరీన్’ అనే చిన్న సినిమా 2015లో సన్‌డాన్స్‌కి వచ్చినప్పుడు అందరూ ఐఫోన్‌తో తీశారట అనే రాశారు. బొమ్మ ఐఫోన్ 5ఎస్‌తోనే తీశారు, సౌండ్ మాత్రం ఫోన్లో తియ్యలేదు, దానికి విడిగా ప్రొఫెషనల్ మైకులు, రికార్డరు, ఒక మనిషి. ‘టార్నేషన్’ అనే డాక్యుమెంటరీ అయితే 218 డాలర్లలో అయిపోయిందని ఇప్పటికీ కథలు చెప్తారు, రిలీజ్‌కి వచ్చేసరికి సౌండ్ మిక్సింగు, పాటల హక్కులు, క్లిప్పుల హక్కులు కలిసి ఖర్చు లక్షల డాలర్లకి పోయింది, అది ఎవడూ రాయడు.

నాకింత పిచ్చి ఎందుకంటే, రాతతో పైసా రాని రోజుల్లో నేను ఒక చిన్న సినిమాకి బూమ్ పట్టుకున్నా. సౌండ్ ఆయన షాట్‌కి ముందు, దాని గుయ్యిమనే చప్పుడు మైకులో పడకుండా ఫ్రిజ్ ఆపేసి తన కారు తాళాలు అందులో పడేసేవాడు. ఎందుకన్నా అంటే, మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోతే ఇంటివాళ్ళ సామానంతా పాడైపోతుంది, తాళాలు లేకుండా నేను ఇంటికి పోలేను కదా అన్నాడు. సీన్ అయ్యాక ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేసేవాడు, ఎడిటింగ్‌లో అతుకులకి పనికొస్తుందని. అందరూ ఆయన మీద విసుక్కునేవాళ్ళే. తర్వాత నేను రివ్యూలు రాసేటప్పుడు ఇలాంటివి రెండు పేరాలు పెడితే ఒక ఎడిటర్ గారు రీడర్స్‌కి టెక్నికల్ గొడవ ఎందుకండీ అని కొట్టేసి, పైన "సాహసోపేత చిత్రం" అని హెడ్డింగ్ తగిలించి, రెండుంబావు స్టార్లు ఇచ్చారు. పావు ఎక్కడ కోశారో నాకిప్పటికీ అర్థం కాలేదు. చెక్కు రావాలి కాబట్టి నోరు మూసుకున్నా.

స్టార్లంటే గుర్తొచ్చింది, నువ్వు కింద సగటు రేటింగ్ 5.4 అని వేశావు, తీసెయ్. జనం సినిమాలకి పదికి మార్కులేసే ఐఎండీబీ సైట్లో ఆ అంకె మీద నొక్కితే ఎన్ని పదులు, ఎన్ని ఒకట్లు పడ్డాయో విడివిడిగా చూపిస్తుంది, చూశావా? ఆ చివర కొందరు, ఈ చివర కొందరు, మధ్యలో ఎవరూ లేరు. అయిదున్నర అనుకున్న మనిషే లేనప్పుడు ఆ అంకె ఎవరిది?

ఇక స్లో అన్నవాళ్ళని టేస్ట్ లేదని కొట్టిపారెయ్యకు. బ్రిటిష్ డైరెక్టర్ ఆండ్రూ హే తీసిన ‘వీకెండ్’లో (2011) ఇద్దరు మగాళ్ళు రెండ్రోజులు మాట్లాడుకోవడమే, కథ వరసలోనే షూట్ చేశారు, ఆ పరిచయం ముదరడం మొహాల్లో కనపడుతుంది. నువ్వు రివ్యూ రాసిన సినిమాలో అలా ముదిరిందా లేదా, ముదరకపోతే స్లో అన్నవాడిదే రైటు, మొహమాటపడకుండా రాయి. సబ్జెక్ట్ మంచిదని మార్కులేస్తే ఆ డైరెక్టర్‌కి చేసే మేలేం లేదు.

నీ పక్క సీట్లో పెద్దాయన టైటిల్స్ అయ్యేదాకా లేవకుండా, కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ తెరకేసే చూస్తున్నాడని చివర్లో ఒక లైన్ రాశావే, దాని కోసమే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా. ఆయన్ని ఏమీ అడక్కుండా వచ్చేశావు, మంచి పని చేశావు. ఆ లైన్ పక్కన "ఇదే సినిమా విజయం" అని నువ్వు పెట్టిన తోక మాత్రం కత్తిరించు.

పెన్ నేమ్ సంగతీ, పుస్తకం సంగతీ ఇప్పుడు కాదు. ముందు మూడో పేరా పూర్తిగా చించేసి, ఆ దిండు సీన్ మళ్ళీ హెడ్‌ఫోన్స్‌తో చూసి కొత్తగా రాసి పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, దిద్దడానికి నాకు వీలుగా ఉంటుంది.

ఉంటా,
మీ అన్న