పెరట్లో బ్లూబానెట్లు ఎందుకు మొలవలేదు? అసలు ఇవి టెక్సాస్‌లోనే ఉంటాయా?

బ్లూబానెట్ అంటే స్ప్రింగ్‌లో టెక్సాస్ రోడ్ల పక్కన పూసే నీలి అడవిపువ్వు. దీని గురించి మీరు మూడు విషయాలు అడిగారు. ఫిబ్రవరిలో డాలస్ దగ్గర ప్లేనోలోని మీ ఇంటి వెనక చల్లిన గింజలు ఎందుకు మొలవలేదు, ఈ పువ్వు టెక్సాస్ దాటితే దొరకదా, కోస్తే ఫైన్ వేస్తారన్నది నిజమేనా. నేనూ డాలస్ పక్కనే ఉంటాను, ఏటా ఇంటి ముందు పెంచుతాను. గింజల సంగతే ముందు చెప్తాను.

ఫిబ్రవరి అంటే బాగా ఆలస్యం. పువ్వు స్ప్రింగ్‌లో కనిపిస్తుంది గానీ మొక్క పుట్టేది ఫాల్‌లో. సెప్టెంబరు, అక్టోబరు వానలకు మొలిచి, చలికాలమంతా నేలకు అంటుకుని చిన్న ఆకుల గుత్తిగా ఉంటుంది. పైన ఎదుగుదల కనిపించదు, కింద వేరు మాత్రం దిగుతూనే ఉంటుంది. మార్చిలో గబగబా లేస్తుంది. ఎండలు ముదిరేసరికి కాయ ఎండి, చిట్లి, గింజలు దూరంగా పడతాయి, మొక్క చచ్చిపోతుంది. అందుకే ఏప్రిల్లో పూలు ఎలా ఉంటాయో తేల్చేది చాలావరకు అంతకుముందు ఫాల్‌లో పడ్డ వానే.

గింజ పైతోలు చాలా గట్టిది. అన్నీ ఒకే ఏడాది మొలవవు, కొన్ని మట్టిలోనే ఉండిపోయి తర్వాతి ఏళ్లలో లేస్తాయి. కరువుకు ఒక ఏడాది మొక్కలన్నీ పోయినా జాతి పోకుండా ఉండేది అందుకే. మనకు వెంటనే కావాలంటే 'స్కారిఫైడ్' (అంటే నీళ్లు లోపలికి వెళ్లేలా పైతోలు గీరినది) అని రాసి ఉన్న ప్యాకెట్ కొనాలి. నేనైతే సాండ్‌పేపర్ మీద కాస్త రుద్ది, అక్టోబరులో చల్లుతాను. రోజంతా ఎండ పడాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు అస్సలు వద్దు, ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. ఇది మన జనుము, పిల్లిపెసరల కుటుంబంలోదే. వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఇంకో సంగతి, లాన్ చూసుకునేవాళ్లు ఫాల్‌లో కలుపు మొలవకుండా ప్రీ-ఎమర్జెంట్ మందు కొడతారు. అది పడ్డ చోట ఈ గింజలూ మొలవవు. మీ పెరట్లో కొట్టారేమో కనుక్కోండి.

ఇక ఎక్కడుంటుందంటే, రోడ్ల పక్కన మనం చూసేది లూపినస్ టెక్సెన్సిస్ అనే జాతి. దీని పుట్టిల్లు టెక్సాస్ నడిభాగంలోని సున్నం ఎక్కువున్న నేలలు: ఆస్టిన్‌కు పడమట హిల్ కంట్రీ, డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లరేగడి పట్టీ. అవును, మన గుంటూరు వైపు చూసే రకం నల్లరేగడే, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది. చదును నేలలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి వాలుల్లోనే బాగా వస్తుంది. హైవే గట్లు దానికి అచ్చంగా సరిపోయాయి. పైగా రాష్ట్ర రవాణా శాఖ ఏటా దాదాపు 30,000 పౌండ్ల అడవిపూల విత్తనాలు చల్లుతుంది, గింజ రాలేదాకా గడ్డి కోతలు ఆపుతుంది. ఓక్లహోమా, లూసియానాల్లో కనిపించేవి చాలావరకు మనుషులు చల్లినవే.

అయితే బ్లూబానెట్ అంటే ఇదొక్కటే కాదు. దక్షిణాన ఇసుక నేలల్లో లూపినస్ సబ్‌కార్నోసస్ అనే ఇంకో జాతి ఉంటుంది. పడమటి టెక్సాస్‌లోని బిగ్ బెండ్ ఎడారిలో పెరిగే జాతి మూడడుగుల దాకా ఎదిగి, ఫిబ్రవరిలోనే పూస్తుంది. 1901లో రాష్ట్ర పుష్పాన్ని ఎంచుకునేటప్పుడు పత్తి, నాగజెముడు కూడా పోటీలో ఉన్నాయి. గెలిచింది బ్లూబానెట్టే గానీ, చట్టంలోకి ఎక్కింది సబ్‌కార్నోసస్. టెక్సెన్సిస్ అందంగా ఉంటుందని జనం దశాబ్దాలు వాదించారు. చివరికి 1971లో రాష్ట్రంలోని అన్ని బ్లూబానెట్లనూ చేర్చి గొడవ తీర్చేశారు. నా ఓటూ టెక్సెన్సిస్‌కే.

కోయడం గురించి: బ్లూబానెట్ కోయకూడదని ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. స్టేట్ పార్కుల్లో మాత్రం ఏ మొక్కనూ కోయకూడదు, వేరేవాళ్ల పొలంలోకి వెళ్తే అది వేరే కేసు. నాకు అసలు బాధ కోతల కంటే ఫొటోలతోనే. పట్టుపావడాల్లో పిల్లల్ని పూల మధ్యలో కూర్చోబెడతాం, నలిగిన మొక్క గింజ కట్టదు, మళ్లీ ఏడాది అక్కడ బోడి మచ్చ. కాలిబాట ఉన్న చోట అంచున కూర్చోబెట్టినా ఫొటో బాగానే వస్తుంది.

మీ అమ్మానాన్నలు ఏప్రిల్లో ఇక్కడే ఉంటారన్నారు కదా, డాలస్‌కు దక్షిణాన ఉన్న ఎన్నిస్ అనే ఊరికి తీసుకెళ్లండి. బ్లూబానెట్లు చూడ్డానికి 40 మైళ్లకు పైగా దారులు మ్యాప్ వేసి ఇస్తారు, కారులోనే తిరగొచ్చు. పెద్దవాళ్లకు అదే సుఖం. దగ్గరగా చూస్తే కొన్ని పూల మీద తెల్ల మచ్చ, కొన్నింటి మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. తెల్లది కొత్త పువ్వు, ఎర్రబడింది పాతది. తేనెటీగలు ఎక్కువగా తెల్లవాటి మీదే వాలతాయి, కాసేపు నిలబడితే మీకే కనిపిస్తుంది. గింజల్లో విషం ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. చెప్పులతో కాదు, బూట్లు వేసుకునే గడ్డిలోకి దిగనివ్వండి, ఫైర్ యాంట్స్ (మంట పుట్టించే ఎర్రచీమలు) కుడితే వారం దాకా దురద పోదు.